కునుకు తీయకూడని ల్యాప్‌టాప్

జూన్ 2, ఆదివారం

గడుగ్గాయికి,

బాబాయి ఆశీస్సులు. ఇక్కడ మేం ముగ్గురం ఉన్నాం. బాగున్నాం అని రాయడానికి చెయ్యి రావడం లేదు కాబట్టి ఉన్నాం అని మాత్రం రాస్తున్నాను.

ముగ్గురెవరంటావా. మీ పిన్ని తమ్ముడు, అదే మీ డ్రైవర్ మామయ్య, పోయిన నెల నుంచి మా ముందుగదిలో సోఫామీదే ఉంటున్నాడు. మొదటి ట్రిప్పు బస్సు తీసి, మార్కెట్టు మలుపు దగ్గర కళ్లు మూతపడి, బండిని డివైడర్ ఎక్కించాడు. బస్సులో ఉన్న ఏడుగురూ క్షేమం. వీడికి రెండు పక్కటెముకలు విరిగాయి, పడుకోలేడు, కూర్చునే ఉంటాడు. సస్పెండ్ చేశారు. ఈ నెల ఇరవై నాలుగున విచారణ. "నిద్రపోతూ నడిపాడు" అని మా డిపో మేనేజర్ రిపోర్టు రాశాడు. అది అబద్ధం కాదు. చిక్కంతా అక్కడే.

మా డిపో డ్యూటీ చార్టు ప్రకారం రాత్రి పదింపావుకి బండి దిగినవాడు మర్నాడు తెల్లారి నాలుగూ నలభైకి మళ్లీ ఎక్కాలి. ఇంటికెళ్లడం, తినడం, పడుకోవడం, లేవడం, తిరిగి రావడం, అన్నీ ఆ ఆరు గంటల ఇరవై అయిదు నిమిషాల్లోనే. ఎప్పుడో అయిదేళ్ల కిందట ఎవరో వేసిన చార్టు. ఇంతకన్నా విశ్రాంతి ఇవ్వాలంటే బస్సులు చాలవంటాడు మేనేజర్. చాలుతాయి. ఉన్న ఇరవై మూడు బస్సులతోనే ప్రతి డ్రైవర్‌కీ తొమ్మిది గంటలు దక్కేలా నేను కొత్త చార్టు వేస్తున్నాను. అది విచారణలో పెడితే తప్పంతా వీడి కళ్లది కాదని తేలుతుంది, ఉద్యోగం నిలుస్తుంది. స్టీరింగ్ తప్ప ఇంకేదీ పట్టుకోవడం తెలియని మనిషి.

ఇంక నువ్వు ఇచ్చిన ల్యాప్‌టాప్ సంగతి. మంచినీళ్లు తాగి వచ్చేసరికి స్క్రీన్ నల్లగా అయిపోతోంది. లోపల ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, పక్కన చిన్న దీపం వెలుగుతూనే ఉంటుంది, బొమ్మ మాత్రం రాదు. మీటలన్నీ నొక్కాను. మీ పిన్ని నెమ్మదిగా పిలిచి చూసింది, తర్వాత గట్టిగా పిలిచి చూసింది. చివరికి బలవంతంగా ఆపి మళ్లీ తెరిస్తే నాలుగు రోజుల చార్టు మాయం. రిపేర్ షాపువాడు వదిలేసి వెళ్లండి, పది రోజుల తర్వాత రండి అన్నాడు. డిపోలో ఉన్న ఒక్క కంప్యూటర్ మేనేజర్ బల్లమీద ఉంది. నువ్వే ఏదో ఒకటి చెప్పాలి.

అక్కడ గాలీ వానా ఎక్కువగా ఉంటే కిటికీలు వేసుకో. గాలి కొలవడం నీ ఉద్యోగమే గానీ, పీల్చడం కాదు.

బాబాయి

&nbsp;

జూన్ 5, బుధవారం

మహారాజశ్రీ బాబాయిగారి సముఖానికి,

గుట్ట మీది వాతావరణ కేంద్రంలో మూడు గంటలకోసారి వాన కొలుస్తూ, మిగిలిన కాలాన్ని ఆవులింతలకు అంకితం చేసిన తమ అన్నగారి కుమార్తె విన్నవించుకునేది ఏమనగా, రేషన్ జీపు ఇప్పుడే వచ్చింది. బియ్యం బస్తాలు దింపడానికి నలభై నిమిషాలు పడుతుంది. ఈ నలభై నిమిషాల్లోనే నీ ఉత్తరం చదవాలి, బాధపడాలి, జవాబు రాయాలి. తరవాత జీపు మళ్లీ వచ్చే బుధవారమే.

ఫోన్ చేసి చెప్పొచ్చుగా అని పిన్ని అనే ఉంటుంది. సిగ్నల్ కోసం మా వంటాయన నీళ్ల ట్యాంకు పైకెక్కి అరగంట వెతికి, దిగొచ్చి, ట్యాంకులో నీళ్లు లేవని చెప్పాడు. వైర్‌లెస్ ఉంది గానీ అందులో వాన, గాలి తప్ప బాబాయిలు వెళ్లరు.

ముందు నా నేరం ఒప్పుకుంటాను. ల్యాప్‌టాప్‌కి ఈ రోగం పాతదే. నీకిచ్చేటప్పుడు నిక్షేపంలా ఉందన్నాను. కాలేజీలో దానిమీద ఎప్పుడూ ఏదో ఒక సినిమా నడిపిస్తూ ఉండేదాన్ని కాబట్టి దానికి పడుకునే అవకాశం రాలేదు, నాకు చదువుకునే అవకాశం రాలేదు. ఇద్దరం అలా పట్టా పుచ్చుకున్నాం.

పది నిమిషాలపాటు ఎవరూ ముట్టుకోకపోతే అది పడుకుంటుంది. పడుకుంటే లేవదు. అసలు మందు వివరంగా రాయాలి, ఈ పూట కుదరదు. అందాకా మూడు సూత్రాలు. ఒకటి, దాన్ని పడుకోనివ్వొద్దు. రెండు, నా తర్వాతి ఉత్తరం అందేదాకా ఆపొద్దు, ఆపితే ఈసారి తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు. మూడు, అది ఏ ప్రశ్న అడిగినా సరే "వద్దు" అనే నొక్కు. పోయినసారి మొహమాటానికి నువ్వు "సరే" నొక్కితే పన్నెండు జూదం ప్రకటనలు అందులో కాపురం పెట్టాయి, వాటిని ఖాళీ చేయించడానికి నాకు రెండు రోజులు పట్టింది.

మామయ్యని అడిగానని చెప్పు. ఆయనదీ ఆ ల్యాప్‌టాప్‌దీ ఒకే జాతకం, ఇద్దరూ పని మధ్యలోనే కన్ను మూస్తారు. కనీసం ల్యాప్‌టాప్ డివైడర్ ఎక్కదు. ఆ ఆరు గంటల ఇరవై అయిదు నిమిషాల చార్టు వేసిన మహానుభావుడెవరో గానీ, అతనికి సన్మానం చేసి, అదే వేదికమీద తెల్లారి నాలుగూ నలభైకి లేపి మళ్లీ సన్మానం చేయాలి. వాడికి సొంత ఇంట్లో మంచం లేదనుకుంటా.

జీపువాడు హారన్ మీద పడుకున్నాడు.

వాన కొలిచే అమ్మాయి

&nbsp;

జూన్ 9, ఆదివారం

గడుగ్గాయికి,

నీ ఉత్తరం శుక్రవారం అందింది. నీ మూడు సూత్రాలూ తు.చ. తప్పకుండా అమలవుతున్నాయి. మేమే అమలు కాలేకపోతున్నాం.

దాన్ని పడుకోనివ్వొద్దన్నావు. నేను టైమ్‌కీపర్ని. ఒక యంత్రం ఆగకుండా నడవాలంటే ఏం చెయ్యాలో నాకు తెలుసు, డ్యూటీ చార్టు వేశాను. సాయంత్రం ఎనిమిది నుంచి రెండింటి దాకా నేను, నా చార్టు పని కూడా అప్పుడే. రెండు నుంచి ఉదయం పది దాకా బావమరిది. పది నుంచి నాలుగు దాకా మీ పిన్ని, కుట్టుమిషన్ లాక్కొచ్చి పక్కనే వేసుకుంది. నాలుగు నుంచి ఎనిమిది దాకా ఆవిడ వంటింట్లో ఉంటుంది కాబట్టి మళ్లీ బావమరిది. అయిదు నిమిషాలకోసారి మీటల కిందున్న ఆ నున్నటి చదరం మీద వేలు రాయాలి. వచ్చినవాడు కుర్చీ పక్కన నిలబడ్డాకే ఉన్నవాడు లేవాలి. గోడమీద అంటించాను.

బావమరిది దాన్ని చాలాసేపు చదివి, "బావా, ఇందులో కూడా నాకు ఆరు గంటలేనా" అన్నాడు. అందరం నవ్వాం. నేను కొంచెం ఆలస్యంగా నవ్వాను.

మూడో సూత్రం కూడా బ్రహ్మాండంగా పనిచేస్తోంది. సేవ్ నొక్కినప్పుడల్లా, ఇదే పేరుతో ఇంతకుముందే ఒకటి ఉంది, దాని స్థానంలో దీన్ని పెట్టమంటారా అని అడుగుతోంది. ప్రశ్న కదా. వద్దు అని నొక్కుతున్నాను. రోజుకి నాలుగుసార్లు అడుగుతుంది, నాలుగుసార్లూ వద్దంటున్నాను. ఇంత పట్టుదలగల యంత్రాన్ని నేను చూడలేదు.

ఎదురింటి లెక్చరర్ వచ్చి, ఓస్ ఇంతేనా, ఒక్కసారి ఆపి తెరిస్తే సరి అంటూ వేలు చాచాడు. మీ పిన్ని చేతిలో కత్తెర ఉంది. ఆవిడ దాన్ని ఎత్తలేదు, ఉత్తినే పట్టుకుంది. ఆయన చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు, కుడీ ఎడమా కూడా చూసుకోలేదు.

ఒక మాట. నీ ఉత్తరాన్ని మీ పిన్ని పైకి చదివింది, ముందు తను చదువుకోకుండా. మామయ్య, జాతకం, డివైడర్ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. వాడు పక్కటెముకలు పట్టుకుని నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. ఈ ఉత్తరం చివర రెండు ముక్కలు రాస్తానన్నది కాస్తా, ఇప్పుడు రాయనంది. తరవాతి పేరా వాడే తీసుకుని చదివాడు, సన్మానం, మంచం లేని ఇల్లు, అదంతా. ఇద్దరికీ అది నచ్చింది.

నాకు కాస్త తలనొప్పిగా ఉంది. అసలు మందు త్వరగా పంపు.

బాబాయి

&nbsp;

జూన్ 12, బుధవారం

బాబాయ్,

ఇవాళ బిరుదులూ సముఖాలూ లేవు. ఈ కాగితం అందగానే కుర్చీలోంచి లేవకుండా చదువు.

సేవ్ అడిగిన ప్రశ్నకి "సరే" నొక్కు. ఇప్పుడే నొక్కు. నొక్కాక మిగతాది చదువు.

నొక్కావా. నేను చెప్పిన ప్రశ్నలు వేరు. ప్రకటనలు అడిగేవి. ఇది అడిగే ప్రశ్నకి వద్దంటే నువ్వు చేసిందేదీ అది దాచుకోదు. వారంగా మీరు ముగ్గురూ మెలకువగా కాపలా కాస్తున్నది గాలిలో ఉన్న చార్టుకి. ఏ ప్రశ్న అయినా సరే అని రాసింది నేనే, కాబట్టి కత్తెర నా వైపు తిప్పమని పిన్నితో చెప్పు.

ఇక అసలు మందు. సెట్టింగ్స్‌లోకి వెళ్లు, బ్యాటరీ బొమ్మ ఉన్న చోట నొక్కు, ఎంతసేపటికి పడుకోవాలి అని ఉంటుంది, అక్కడ "ఎప్పుడూ వద్దు" అని పెట్టు. అంతే. రెండు నిమిషాల పని. దానికి ముగ్గురు మనుషులు, ఒక కుట్టుమిషన్, గోడమీద చార్టు అక్కర్లేదు.

ఇంకో సందేహం. కాగితం అనే వస్తువు ఒకటుంది కదా బాబాయ్, ఇరవై ఏళ్లు నువ్వు దానిమీదే బతికావు. ఒక కాపీ రాసుకోవాలని ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదా?

మామయ్యకి నా క్షమాపణ. పిన్నికి పెద్ద క్షమాపణ. నేను అలసిపోయినప్పుడు జోకులు నా అనుమతి లేకుండా బయటికి వస్తాయి. ఇక్కడ నాకు వరసగా మూడు గంటలకు మించి నిద్ర లేదు, దాని గురించి నేనే నవ్వుకుంటాను కాబట్టి అందరూ నవ్వుతారనుకున్నాను.

జూన్ 15: జీపు ఊరు చేరలేదు, తిరిగొచ్చేసింది. బుధవారం దిగుతూ ఉండగా రెండో మలుపు దగ్గర రోడ్డు కొండ కిందకి వెళ్లిపోయింది. జీపు, జీపు డ్రైవర్, ఈ ఉత్తరం, నేను, నలుగురం ఇక్కడే ఉన్నాం. తెచ్చిన బియ్యాన్ని ఆయనే తిని తీర్చేస్తున్నాడు. మా పెద్దాయన, అంటే ఇక్కడి సీనియర్, వైర్‌లెస్‌లో ఒక్క ముక్క పంపమని బతిమాలాను. "సేవ్ నొక్కమని" అన్నాను. అది వాతావరణం కాదమ్మా అన్నాడు.

జూన్ 21: రేపు రోడ్డు తెరుస్తారట. ఇరవై నాలుగులోపు నీకు అందుతుందా? వేళ్లమీద లెక్కపెడుతున్నాను, ఏ వేలితో మొదలుపెట్టినా చాలడం లేదు.

అమ్మాయి

&nbsp;

జూన్ 17, సోమవారం

గడుగ్గాయికి,

నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. వానల వల్ల అనుకుంటున్నాను. మీ పిన్ని మాత్రం, తను అలిగిందని నువ్వూ అలిగావంటోంది.

పదకొండో రోజు. ల్యాప్‌టాప్ హాయిగా ఉంది. నేను నిన్న డిపోలో నిలబడి ఒక కండక్టర్‌కి సంతకం పెట్టమని పుస్తకం చాచి, అలాగే ఉండిపోయానట. మీ పిన్ని ఒక జాకెట్టుకి మూడు చేతులు కుట్టింది. విప్పుతూ, మూడోది నాకు పనికొస్తుందిలే అంది.

నీకు ఒక సంగతి చెప్పాలి. చెప్పకుండా ఈ ఉత్తరం మూయలేను.

బావమరిది రోజుకి పన్నెండు గంటలు ఆ స్క్రీన్ ముందు కూర్చుంటున్నాడు. చూడటానికి చార్టు తప్ప ఏమీ లేదు, చార్టునే చూస్తున్నాడు. ఏ గడి ఏమిటని మొదట్లో నన్ను అడిగేవాడు. తరవాత అడగడం మానేశాడు, అర్థమైపోయింది. పోలిక కోసమని పాత చార్టు కూడా పక్క పేజీలో పెట్టుకున్నాను. మొన్న శుక్రవారం వాడు అది తీశాడు. అడుగున తయారుచేసినవారు అన్న చోట నా పొడి అక్షరాలు ఉన్నాయి.

ఎవరో వేశారని నీకు రాశాను. ఎవరో కాదు. అయిదేళ్ల కిందట రెండు బస్సులు మిగల్చమన్నారు. నెలరోజులు కూర్చుని మిగిల్చాను. ఎక్కడా దొరకని టైము డ్రైవర్ల నిద్రలో దొరికింది. మేనేజర్ చెయ్యి కలిపాడు. ఆ రోజు ఇంటికి మిఠాయి తెచ్చాను. మీ పిన్ని దేనికని అడగలేదు, తింది. నువ్వూ తిన్నావు, సెలవులకి వచ్చి ఉన్నావు. అప్పుడు నాకది లెక్క, గడులు. అందులో మనిషి పడుకుని లేస్తాడని తెలుసు, తెలిసినా కనపడలేదు.

వాడు రెండు రోజులు మామూలుగానే ఉన్నాడు. కుర్చీ మారే వేళకి వస్తున్నాడు, వేలు రాస్తున్నాడు, వెళ్తున్నాడు. నిన్న సాయంత్రం మీ పిన్ని వంటింట్లో ఉండగా, స్క్రీన్ మీంచి కళ్లు తిప్పకుండా అడిగాడు.

"బావా, ఇది నువ్వే వేశావా?"

అవునన్నాను.

"అక్కకి తెలుసా?"

తెలీదన్నాను. వాడు తలూపి, కాస్త జరుగు బావా, వెలుతురుకి అడ్డొస్తున్నావు అన్నాడు. అంతే. తిట్టి ఉంటే ఈ ఉత్తరం ఇంకాస్త పొట్టిగా ఉండేది.

ఇవాళ పొద్దున వాడి ఎక్స్‌రే కవర్ జరుపుతుంటే లోపల మడతపెట్టిన కాగితం కనపడింది. వాడి గుండ్రటి చేతిరాతలో పాత చార్టు, అడుగున నా పొడి అక్షరాలతో సహా. విచారణలో చూపించడానికే అయి ఉంటుంది. చూపించాలి కూడా. చూపిస్తే నాకు ఏమవుతుందో నాకు తెలుసు. కాగితం ఎలా ఉన్నది అలాగే పెట్టేశాను. అడిగే మొహం లేదు.

నాకు ఎక్కువ భయం ఏదో తెలుసా. వాడు చూపిస్తాడని కాదు. వాడు చూపించేలోపు నేను నోరు తెరవలేనేమోనని.

కొత్త చార్టులో ఇంకా పదకొండు డ్యూటీలు మిగిలాయి. పూర్తి చేస్తాను.

బాబాయి

&nbsp;

జూన్ 25, మంగళవారం

గడుగ్గాయికి,

విచారణ అయిపోయింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

చార్టు ఇరవై రెండున పూర్తయింది. నలభై ఆరు డ్యూటీలు, ఎవరికీ తొమ్మిది గంటలకు తక్కువ లేదు. నిన్న పొద్దున ల్యాప్‌టాప్‌ని మెలకువగానే డిపోకి తీసుకెళ్లాం. తీగ పీకితే అది నలభై నిమిషాలు బతుకుతుంది, ఆటోకి పాతిక నిమిషాలు. మీ పిన్ని ఒళ్లో పెట్టుకుని వేలు రాస్తూ కూర్చుంది. ఆటో అతను అద్దంలో చూసి, పాపకి ఒంట్లో బాలేదా అమ్మా అని అడిగాడు. లేదు, పడుకోకూడదు అంది ఈవిడ. అతను ఇంకేమీ అడగలేదు.

పదింటికి రమ్మన్నారు. వరండాలో బల్ల చూపించారు, పక్కనే ప్లగ్గు ఉంది, పైన ఫ్యాను ఉంది. వంతులు వేసుకున్నాం. తలా పది నిమిషాలు. పదకొండయింది. పదకొండున్నర అయింది. ఆ ఫ్యానుని నేను తప్పు పట్టను. పద్ధెనిమిది రోజుల తరవాత మేం ముగ్గురం ఒకే సమయంలో నిద్రపోవడం అదే మొదటిసారి.

పన్నెండూ ఇరవైకి ప్యూన్ వచ్చి భుజం తట్టి లేపాడు. మేం లేచాం. అది లేవలేదు.

మీ పిన్ని దాన్ని ఒక్కసారి చూసి మూత వేసింది. ఏడవలేదు, నన్ను చూడలేదు. లోపలికి పదండి అంది, తను రాకూడదని తెలిసి కూడా ముందు నడిచింది. ఎవరూ ఆపలేదు.

లోపల మేనేజర్, పైనుంచి వచ్చిన ఇద్దరు అధికార్లు. కొత్త చార్టు ఏదన్నారు. ల్యాప్‌టాప్ తెరిచి చూపించాను. నల్లగా ఉంది. పడుకుందండీ అన్నాను. పెద్దాఫీసరు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని చూశాడు. మేనేజర్ సమాధానం సిద్ధంగానే ఉంచుకున్నాడు, ఇరవై మూడు బస్సులతో అయ్యే పని కాదని నేను ముందే మనవి చేశానుగా అన్నాడు.

బావమరిదిని అడిగారు, నిద్రపోయావా అని. పోయానండీ అన్నాడు. ఇంకేమైనా చెప్పుకునేది ఉందా అన్నారు. ఎక్స్‌రే కవర్ వాడి ఒళ్లోనే ఉంది. దానిమీద రెండు చేతులూ పెట్టుకుని, ఏమీ లేదండీ అన్నాడు.

నేను వాడివైపు చూశాను. వాడు గోడ గడియారం వైపు చూస్తున్నాడు.

"ఆ కవర్ ఇలా ఇవ్వు," అన్నాను.

"వద్దు బావా. ఎక్స్‌రే తప్ప ఏం లేదు."

లాక్కోవాల్సి వచ్చింది. విరిగిన పక్కటెముకల మనిషి దగ్గర లాక్కోవడం కష్టమేమీ కాదు, సిగ్గు మాత్రమే. కాగితం తీసి బల్లమీద పరిచి చెప్పాను. "ఇక్కడున్న పొడి అక్షరాలు నావి. నిద్రపోయింది ఇతను. ఆ నిద్ర తగ్గించింది నేను."

పెద్దాఫీసరు కాగితం తీసుకున్నాడు, అది రెండు కాగితాలుగా విడిపోయింది. నేను చూసింది పైదే. రెండోదాంట్లో కొత్త చార్టు ఉంది, నలభై ఆరు డ్యూటీలూ, చివరి పదకొండుతో సహా. మీ పిన్ని బట్టలకి వాడే స్కేలుతో గీతలు కొట్టాడు. ఎప్పుడు రాశాడో, ఏ కుర్చీ మారే వేళకి రాశాడో తెలియదు. పైన 'బావ వేసింది' అని ఉంది. ముప్ఫై ఒకటో డ్యూటీలో బయల్దేరే టైము తప్పు పడింది, అక్కడే పెన్ను తీసుకుని దిద్దాను.

ఒక గంటసేపు అడిగారు. డ్యూటీ తరవాత డ్యూటీ. నేను తడబడిన చోట వాడు అందుకున్నాడు. చేతిరాత కాగితాలు తీసుకోకూడదని కిందటేడు సర్క్యులర్ ఉందని మేనేజర్ గుర్తుచేశాడు. పెద్దాఫీసరు, అవును, తీసుకోకూడదు అని రెండూ మడిచి తన ఫైల్లో పెట్టుకున్నాడు. నిర్ణయం తరవాత చెప్తారట.

ఇంటికొచ్చేసరికి నీ ఉత్తరం తలుపు కింద ఉంది. 'ఇప్పుడే నొక్కు' దగ్గర మీ పిన్ని నవ్వడం మొదలుపెట్టింది. 'రెండు నిమిషాల పని' దగ్గర కూర్చుండిపోయింది. కాగితం అనే వస్తువు గురించి నువ్వు అడిగిన దానికి జవాబు, నాకు తట్టలేదు, వాడికి తట్టింది. తరవాత ఆవిడ ఉత్తరం మడిచి బల్లమీద పెట్టి, నావైపు తిరిగి, "ఆ మిఠాయి దానికేనా?" అని అడిగింది.

అవునన్నాను. లోపలికి వెళ్లి పడుకుంది. వంట లేదు. ఇవాళ కూడా మాటలు లేవు.

బాబాయి

&nbsp;

జూలై 3, బుధవారం

బాబాయ్,

పోయిన బుధవారం జీపు రాలేదు, అందుకే పదిహేడో తారీకుదీ, ఇరవై అయిదో తారీకుదీ ఒకేసారి అందాయి. బస్తాలు దింపడం సగం అయిపోయింది, నేను ఇంకా మొదలుపెట్టలేదు.

సన్మానం చేయాలని రాశాను. సొంత ఇంట్లో మంచం లేదనుకుంటా అని రాశాను. నువ్వు తలనొప్పి అని రాశావు, నాకు తలనొప్పే అనుకున్నాను. దాన్ని వెనక్కి తీసుకోవడానికి లేదు, ఎందుకంటే ఆ చార్టు వేసినవాడి గురించి నేను అన్నది ఇప్పటికీ సరైనదే. కాకపోతే వాడు నువ్వని తెలిసి ఉంటే ఇంకొంచెం మర్యాదగా అనేదాన్ని. వాడికి మంచం ఉంది, ఆ మంచం మీద నేను కూడా సెలవుల్లో పడుకుని దొర్లాను, మిఠాయి తిని.

నిన్న కేంద్రంలో నేనొక పని చేశాను. తెల్లవారుజాము రీడింగ్ ఎవరో ఒకరు వంతులవారీగా తీసుకోవచ్చు కదా అని పెద్దాయన్ని అడిగాను. ఇద్దరు మనుషులతో కుదరదమ్మా అన్నాడు. కుదురుతుందని కాగితం మీద గీసి చూపించాను. చూస్తానన్నాడు. ఆ చూస్తాను ఎలాంటిదో వచ్చేవారం తెలుస్తుంది.

పిన్ని మాట్లాడకపోతే మాట్లాడించకు. అయిదు నిమిషాలకోసారి వేలు రాయాల్సిన వస్తువు కాదు ఆవిడ.

హారన్.

అమ్మాయి

&nbsp;

జూలై 28, ఆదివారం

గడుగ్గాయికి,

నిర్ణయం వచ్చింది. మీ మామయ్యకి హెచ్చరిక కాగితం ఇచ్చి తిరిగి డ్యూటీలోకి తీసుకున్నారు. కొత్త చార్టు మూడు నెలలు నడిపి చూస్తారట. నన్ను చార్టు పని నుంచి తీసేసి, ప్రయాణికులు బస్సుల్లో మరచిపోయిన వస్తువుల గదికి మార్చారు. గొడుగులే నూట పది ఉన్నాయి. ఒక కట్టుడు పళ్ల సెట్టు ఉంది, దాని సొంతదారు ఇంతవరకూ ఎలా ఊరుకున్నాడో అర్థం కాదు. నా మీద విచారణ వేరే ఉంటుందంటున్నారు. ఉండాలి.

ల్యాప్‌టాప్ తెరుచుకుంది. నువ్వు చెప్పినట్టే పెట్టాను, ఎప్పుడూ వద్దు అని. ఇప్పుడు రోజంతా మెలకువగా ఉంటోంది, మాకే దాంతో పని లేదు.

మీ పిన్ని పనిమాటలు మాట్లాడుతోంది. బియ్యం, పాలు, తలుపు. నెల రోజులుగా అంతే. నువ్వు చెప్పినట్టు నేను కదిలించలేదు.

వాడు సోమవారం నుంచి డ్యూటీకి వెళ్తున్నాడు. ఇంకా మా ఇంట్లోనే ఉంటున్నాడు. నిన్న ఆఖరి ట్రిప్పు, పదింపావుకి దిగాడు. పాత చార్టయితే ఇవాళ నాలుగూ నలభైకి ఎక్కాలి. ఇప్పుడు మధ్యాహ్నం ఒకటిన్నరకి. ఇప్పుడు ఎనిమిదయింది, ఇంకా లేవలేదు. ఎముకలు అతుక్కున్నాయి కాబట్టి వెల్లకిలా పడుకున్నాడు, నోరు తెరుచుకుని. ఇవాళ ఇవ్వాల్సిన బట్టలున్నాయి, అయినా మీ పిన్ని మిషన్ ముట్టుకోలేదు. దారం చేతిలో పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది. నేను ఈ బల్ల దగ్గర కూర్చుని నీకు రాస్తున్నాను.

ఇప్పుడే నావైపు చూసి మెల్లిగా అంది. "పెన్ను పెట్టెయ్యి. గీసుకుంటున్న చప్పుడు వాడికి వినబడుతుంది."

పెట్టేస్తున్నాను.

బాబాయి